ముందు చక్రాల బేరం

నెల్లూరు ఆటోనగర్లో
ఖాదర్ మస్తాన్ షెడ్డు ముందు నిలబడి
కాగితం చదువుతున్నాను, మూడోసారి.
ముందు యాక్సిలు, ట్రాన్స్‌ఫర్ కేసు, ఇంకో ప్రొపెల్లర్ షాఫ్టు,
లేతు పని వేరు, కూలి వేరు,
అడుగున రెండు గీతలు కొట్టి
ఏడు లక్షల నలభై వేలు.
"ఇప్పుడు వెనకవి తోస్తన్నాయి గదన్నా,
అప్పుడు ముందరివి లాగతాయి కూడా.
ఇంక ఇసకేంది, బురదేంది" అంటాడు
గుడ్డతో గ్రీజు చేతులు తుడుచుకుంటా.

బండి పాత అంబులెన్సు.
కావలి డిపోలో స్టీరింగు వదిలిన నెలకే వేలంలో కొన్నాను.
సెలైన్ సీసా వేలాడిన కొక్కేనికి
ఇప్పుడు టీ వడకట్టే గుడ్డ.
స్ట్రెచర్ పట్టాల మీద పరుపు.
మొదటి రాత్రి కస్తూరి నిద్రపోలేదు.
"ఎంతమంది ఈ పైకప్పే చూస్తా పోయుంటారో" అంది.
మర్నాడు వేపాకు నీళ్ళతో కడిగి
పైకప్పుకు నీలం రంగు వేసింది.
రంగు చాలక ఒక మూల తెల్లగానే మిగిలింది.
దాన్ని మబ్బనుకుంటాం.

ఇరుక్కున్న చోట్లు డైరీలో రాశాను, డిపో అలవాటు.
తుమ్మలపెంట రేవు, ఫిబ్రవరి, ఇసక:
పట్టపుపాళెం వాళ్ళు వల పక్కన పడేసి వచ్చి
పడవని లాగినట్టే లాగారు.
బండి కూడా తనని పడవే అనుకున్నట్టుంది,
ఊగుతా వచ్చింది.
భైరవకోన దారిలో వాగు, ఆగస్టు:
గొర్రెల కాపరి చక్రాల కింద రాళ్ళు పేర్చి
పేరడిగేలోపు మంద వెంట పోయాడు.
అల్లూరు దగ్గర రొయ్యల గుంట కట్ట, నవంబరు:
ట్రాక్టరు వచ్చేసరికి తెల్లారింది.
మూడొందలు తీసుకుని గిన్నెడు రొయ్యలిచ్చాడు.

ఏడాదికి మూడు.
ఏడు లక్షల నలభైని మూడుతో భాగించి
పెన్సిలుతో రాసి,
నాకే సిగ్గేసి కొట్టేశాను.
ఇరుక్కున్నవి రాస్తాం సరే,
ఇరుక్కుంటామని వెనక్కి తిప్పుకున్న దార్లు
ఏ డైరీలో రాస్తాం?
ఉదయగిరి కొండ వెనక ఒక బాట ఉంది.
ఎర్రమట్టి, తంగేడు పొదలు,
ఒక మలుపు దగ్గర చెప్పాపెట్టకుండా మాయమవుద్ది.
మూడుసార్లు దాని మొదట్లో ఇంజను ఆపాను.
మూడుసార్లూ రివర్సు.
కస్తూరి ఏమీ అనలేదు.
అనకపోవడం నాకు బాగా వినపడింది.

ముప్పై ఒక్క ఏళ్ళు
ముందు చక్రాల బలం నాకు అక్కర్లేకపోయింది.
కలిగిరి రోడ్డులో బస్సు దిగబడితే
"దిగండమ్మా, దిగండి" అనేవాణ్ణి.
పొగాకు వేలానికి పోయే రైతులు,
పెళ్ళికి పోయే పట్టుచీరెలు,
టికెట్ల సంచీతో సహా కండక్టరు,
యాభై మంది భుజాలు.
తిట్టుకుంటా తోసేవాళ్ళు.
కదలగానే, వాళ్ళే కన్నట్టు నవ్వేవాళ్ళు.
ఇప్పుడు దిగమనడానికి
బండిలో ఒక్క మనిషే ఉంది,
ఆమె దిగలేదు.

మస్తాన్‌కి ఇదంతా చెప్పలేదు.
"ఒకటే అడుగుతా. ఎత్తు పెరుగుద్దా?"
"జానెడు. పెరగాల గదన్నా."

కస్తూరి బండి మెట్టు మీద కూర్చుని
వేరుశెనక్కాయలు ఒలుస్తోంది, ఎడమ కాలు చాపుకుని.
ఆ మెట్టు నేను వెల్డింగు చేయించింది,
ఆ మోకాలు ఎంతవరకు వంగుతుందో
దారంతో కొలిచి.

"ఇంకో మెట్టు పెట్టిస్తే పోలా" అంది తల ఎత్తకుండా.
నేనేమీ అడగలేదు.
"ఆ బాట తర్వాత ఏముందో చూడాల నాకు."
పొట్టు ఊదింది.
"ఇప్పుడున్న చక్రాలతో ఒకసారన్నా పోయావా?"

మస్తాన్ నవ్వాడు.
నేను కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను.

ట్రంకు రోడ్డు పక్క ఇనప కొట్లో
ఇరవై మీటర్ల తాడు, ఒక పార, రెండు పలకలు.
పద్దెనిమిది వందలు, బేరం ఆడకుండా.
ఆదివారం బయల్దేరతాం.
ఇరుక్కుంటే అక్కణ్ణించే ఫోన్ చేసి
సరే కానివ్వమంటాను మస్తాన్‌తో,
సిగ్నలుంటే.